ముద్ద ముద్దకూ ఎరుక: నిదానంగా తినడం ఎందుకు?



ఈ పాఠం అన్నం తినడం గురించి. "తినడానికి కూడా పాఠం కావాలా, పుట్టినప్పటి నుంచీ తింటూనే ఉన్నాం కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ నిన్న రాత్రి మీరు తిన్న కూరలో ఉప్పు సరిపోయిందా, లేదా? అన్నం ఎన్నిసార్లు వడ్డించుకున్నారు? కడుపు నిండిందని మీకు ఎప్పుడు తెలిసింది? వీటికి జవాబు వెంటనే తట్టకపోతే, నిన్న రాత్రి చెయ్యి తిన్నది, నోరు మింగింది, మనసు మాత్రం అక్కడ లేదు. ధ్యానానికి కూర్చున్నప్పుడు శ్వాస మీద ఎరుక పెట్టమంటాం. రోజుకు రెండు మూడుసార్లు చేసే భోజనం మీద ఎరుక లేకపోతే, ఆ పావుగంట ధ్యానం మిగతా రోజుకి ఎంతవరకు సాయపడుతుంది?

మన తొందర ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. గబగబా తినడం మన వాళ్ళ చెడ్డ గుణం కాదు. అది మనకి నేర్పబడింది.

మన చోడవరం చుట్టుపక్కల చెరకు నరికే రోజులు చూడండి. ఫ్యాక్టరీకి బండి తోలాలన్నా, గానుగ దగ్గర బెల్లం వండాలన్నా పని ఆగదు. పెనం మీద పాకం మనిషి కోసం ఆగదు కదా. కూలివాళ్ళు కేరేజీ విప్పి, గట్టు మీద గొంతుక్కూర్చుని నాలుగు ముద్దలు మింగి మళ్ళీ కత్తి పట్టుకుంటారు. తాపీ పనివాళ్ళు, కలాసీలు, ఆటో డ్రైవర్లు, తెల్లారకముందే వీధులు ఊడ్చే అక్కచెల్లెళ్ళు, అందరిదీ అదే పరిస్థితి. "తినడానికి తీరికేది బాబూ" అన్న మాట మన పేటల్లో ఏ ఇంట్లో అయినా వినిపిస్తుంది.

దీని వెనక ఇంకో కారణం ఉంది, అది కులం. ఊళ్ళో పెళ్ళయినా, సంబరమయినా మన తాతముత్తాతలను ఆఖరి పంక్తిలో, విడిగా కూర్చోబెట్టారు. విస్తరి ముందు ఎప్పుడు ఎవరు "లెగండి" అంటారో తెలియదు. అలాంటి చోట మనిషి నిదానంగా తినడు, తినలేడు. లేపేలోపు తినెయ్యాలన్న భయం ఒక తరం నుంచి ఇంకో తరానికి అలవాటుగా దిగింది. ఈ రోజు మన ఇంట్లో, మన కంచంలో, మనం వండుకున్నది తింటున్నాం. లేపేవాడు ఎవడూ లేడు. అయినా చెయ్యి ఆగదు. ఆ భయాన్ని శరీరంలోంచి దించుకోవడం కూడా ధమ్మదీక్షలో భాగమే అని నేను నమ్ముతాను.

కోసల రాజు కథ

సంయుత్త నికాయంలో దోణపాక సుత్తం అని ఒక చిన్న సుత్తం ఉంది. కోసల రాజు పసేనది పూటకి ఒక దోణం కొలత అన్నం తినేవాడు. దోణం అంటే పెద్ద కొలత. ఒకరోజు అలా తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరకి వచ్చి కూర్చున్నాడు. భగవానుడు ఆయన్ని తిట్టలేదు, ఉపవాసం ఉండమనలేదు. ఎరుకతో ఉండి, తన మేర తెలుసుకుని తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నెమ్మదిగా వస్తుందని, ఆయుష్షు నిలుస్తుందని ఒక చిన్న గాథగా చెప్పాడు.

రాజు అప్పుడు ఒక పని చేశాడు. వెనకే నిలబడ్డ సుదస్సనుడు అనే యువకుణ్ణి పిలిచి, ఆ గాథ నేర్చుకుని తన భోజనం వేళ రోజూ చదివి వినిపించమన్నాడు. అందుకు రోజుకి నూరు కహాపణాలు ఇస్తానన్నాడు. కొన్నాళ్ళకి రాజు భోజనం దోణం నుంచి నాళి దగ్గరకి తగ్గింది. మన భాషలో చెప్పుకోవాలంటే కుంచం నుంచి సోలకు దిగినట్టు. ఒళ్ళు తేలికపడింది. తన ఒంటిని తానే చేత్తో నిమురుకుంటూ, బుద్ధుడు తనకి ఎంత మేలు చేశాడో చెప్పుకున్నాడు.

ఈ కథలో మూడు సంగతులు గమనించండి. ఒకటి, మార్పు ఒక్కరోజులో రాలేదు, మెల్లమెల్లగా వచ్చింది. రెండు, రాజు తన మనోబలం మీదే ఆధారపడలేదు, గుర్తుచేసే మనిషిని పెట్టుకున్నాడు. మూడు, ఇందులో దేవుడి వరం లేదు, మొక్కు లేదు. కారణం ఉంది, ఫలితం ఉంది. మన దగ్గర నూరు కహాపణాలు లేకపోవచ్చు. కానీ "నాన్నా, నెమ్మదిగా" అని గుర్తుచేసే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆ పని వాళ్ళకి అప్పగించండి, సరదాగా చేస్తారు.

పాళీలో దీన్ని 'భోజనే మత్తఞ్ఞుతా' అంటారు. భోజనంలో మేర తెలిసి ఉండడం అని అర్థం. మేర తెలియాలంటే ముందు నిదానించాలి. పరుగెత్తేవాడికి దారిలో మైలురాయి కనబడదు కదా.

బుద్ధుడు ఎలా తినేవాడు?

దీనికి మజ్ఝిమ నికాయంలోని బ్రహ్మాయు సుత్తంలో జవాబు ఉంది. బ్రహ్మాయు అనే వృద్ధ బ్రాహ్మణుడు తన శిష్యుడు ఉత్తరుణ్ణి బుద్ధుణ్ణి పరిశీలించి రమ్మని పంపాడు. ఉత్తరుడు ఏడు నెలలు బుద్ధుడి వెంటే తిరిగాడు. నడక, కూర్చోవడం, మాట, భోజనం అన్నీ చూశాడు.

భోజనం గురించి అతను తెచ్చిన సమాచారం ఇది: బుద్ధుడు ముద్దను నోట్లో రెండు మూడుసార్లు తిప్పి నమిలి మింగేవాడు. నమలని మెతుకు లోపలికి పోయేది కాదు. నోట్లో మెతుకు మిగిలి ఉండగా ఇంకో ముద్ద పెట్టుకునేవాడు కాదు. రుచి తెలుస్తూనే ఉండేది, రుచి మీద అత్యాశ మాత్రం ఉండేది కాదు. తిన్న తర్వాత కాసేపు మౌనంగా కూర్చుని, ఆ తర్వాత దాతలకి ధమ్మం చెప్పేవాడు.

"ముద్దకి ముప్పై రెండుసార్లు నమలాలి" అని కొందరు లెక్కలు చెప్తారు. ఇక్కడ అలాంటి లెక్క లేదు. ఉన్నది ఒక్కటే నియమం: ఈ ముద్ద అయిపోయాకే తర్వాతి ముద్ద. రుచిని వదులుకోమని కూడా లేదు. చోడి అంబలిలో ఉల్లిపాయ కొరికినప్పుడు వచ్చే రుచి, ఎండు నెత్తళ్ళ పులుసు రుచి, ఇవి మన రుచులు. వాటిని తెలుసుకుంటూ తినడంలో తప్పు లేదు. తెలియకుండా మింగడమే నష్టం.

తొట్లకొండ మీద భోజనశాల

ఇది ఎక్కడో దూరాన జరిగిన సంగతి, మనకెందుకు అనుకోకండి. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండ ఉంది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1988 నుంచి 1993 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. స్తూపాలతో పాటు భిక్షువులు ఉండే విహారాలు, సమావేశ మందిరం, వంటశాల, భోజనశాల బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ కిందట మన సముద్రం ఒడ్డున భిక్షువులు ఒక కప్పు కింద కలిసి కూర్చుని తిన్నారన్నమాట. మనకి ఇంకా దగ్గరగా, అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. సంఘారామం అన్న మాటే శంకరం అయిందని, బుద్ధుని కొండే బొజ్జన్నకొండ అయిందని పెద్దలు చెప్తారు. నిన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా, పేరు ఏదైనా ఈ నేల ధమ్మం నడిచిన నేల.

సంఘంలో భోజనానికి నియమాలు ఉండేవి. వినయంలో 75 సేఖియ నియమాలు ఉన్నాయి. వాటిలో 30 భోజనం గురించే. మరీ పెద్ద ముద్ద చెయ్యకూడదు. ముద్ద దగ్గరికి రాకముందే నోరు తెరవకూడదు. బుగ్గలు ఉబ్బేలా కుక్కుకోకూడదు. నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడకూడదు. మెతుకులు చిమ్మకూడదు. చప్పుడు చేస్తూ, జుర్రుతూ తినకూడదు. ఆ చప్పుళ్ళకి పాళీలో ఉన్న మాటలు 'చపుచపు', 'సురుసురు'. చూశారా, ఆ మాటలు మన అమ్మమ్మలు అన్నట్టే ఉన్నాయి.

ఈ నియమాల్లో ఎక్కడా ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదన్న మాట లేదు. భిక్షువు ఇల్లు ఎంచుకోకుండా వరసగా భిక్షకి వెళ్ళాలి, పాత్రలో పడినది తినాలి. కులం పెట్టిన భోజన నియమాలు ఎవరు వండారు, ఎవరు ముట్టుకున్నారు అని అడుగుతాయి. ధమ్మం పెట్టిన నియమాలు ఎలా తిన్నావు, ఎంత తిన్నావు, ఎరుకతో తిన్నావా అని అడుగుతాయి. సుత్తనిపాతంలోని ఆమగంధ సుత్తం కూడా ఇదే చెప్తుంది. మనిషికి మైల అంటించేది మాంసం కాదు, హింస, దొంగతనం, అబద్ధం, మోసం లాంటి పనులు. కాబట్టి ఈ పాఠం మీ కంచంలో ఏముండాలో చెప్పడానికి రాలేదు. చెయ్యి వేగం గురించి మాత్రమే చెప్తుంది.

శరీరం లోపల ఏం జరుగుతుంది?

బుద్ధుడు వచ్చి చూసి పరీక్షించుకోమన్నాడు. అంబేడ్కర్ గారు హేతువుకి నిలబడని దాన్ని ఒప్పుకోలేదు. కాబట్టి సైన్సు ఏమంటుందో కూడా చూద్దాం.

అరుగుదల నోట్లోనే మొదలవుతుంది. లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. నమలకుండా మింగితే ఆ పని కూడా కడుపు మీద, పేగుల మీద పడుతుంది. గబగబా తినేవాళ్ళు అన్నంతో పాటు గాలి కూడా ఎక్కువ మింగుతారు. త్రేన్పులు, ఉబ్బరం అందుకే.

కడుపు నిండిన కబురు మెదడుకి వెంటనే చేరదు. కడుపు సాగినప్పుడు నరాల ద్వారా ఒక సంకేతం వెళ్తుంది. ఆహారం పేగుల్లోకి దిగాక అక్కడి నుంచి పి.వై.వై., జి.ఎల్.పి.-1 లాంటి హార్మోన్లు రక్తంలోకి వచ్చి "ఇక చాలు" అని చెప్తాయి. దీనికంతటికీ సుమారు ఇరవై నిమిషాలు పడుతుంది. మనం ఏడెనిమిది నిమిషాల్లో కంచం ఖాళీ చేస్తే, ఆ కబురు వచ్చేలోపే రెండోసారి వడ్డన కూడా అయిపోతుంది.

అమెరికాలోని రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. 30 మంది ఆరోగ్యవంతులైన మహిళలకి ఒకే రకం భోజనం రెండు వేర్వేరు రోజుల్లో పెట్టారు. త్వరగా తిన్నరోజు సుమారు 9 నిమిషాల్లో సగటున 646 క్యాలరీలు తిన్నారు. నిదానంగా తిన్నరోజు సుమారు 29 నిమిషాల్లో 579 క్యాలరీలు తిన్నారు. తేడా చూస్తే చిన్న గరిటెడు అన్నమే. కానీ తక్కువ తిన్నరోజే వాళ్ళకి తృప్తి ఎక్కువగా అనిపించింది. జపాన్‌లో 3 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద జరిగిన సర్వే కూడా 2008లోనే వచ్చింది. త్వరగా తినడం, పొట్ట పట్టినంతా తినడం, ఈ రెండు అలవాట్లూ ఉన్నవాళ్ళలో అధిక బరువు ఉండే అవకాశం ఆ రెండూ లేనివాళ్ళ కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ అని తేలింది.

ఇది మన పేటలకి కూడా సంబంధించిన మాటే. ఐ.సి.ఎం.ఆర్. ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. షుగర్ డబ్బున్న వాళ్ళ జబ్బు అనుకునే రోజులు పోయాయి. బాబాసాహెబ్ కూడా చివరి ఏళ్ళలో ఈ జబ్బుతో చాలా బాధపడ్డారు.

ఒక హెచ్చరిక. నిదానంగా తినడం మందు కాదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇది చదివి వాటిని మానకూడదు. డాక్టరు చెప్పిన వేళకి తినాలి, చెప్పిన మందు వాడాలి. వాటికి తోడుగా ఇది సాయపడుతుంది. పళ్ళు ఊడిన పెద్దవాళ్ళకీ, చిన్న పిల్లలకీ ఇంకో లాభం కూడా ఉంది. పొలమారడం, గొంతుకి అడ్డుపడడం తగ్గుతాయి.

ఆకలితో ఉన్నవాడికి ఈ పాఠం చెప్పవచ్చా?

ఎవరైనా ఇలా అడగవచ్చు: "కంచంలో చాలినంత లేనివాడికి నెమ్మదిగా తినమని చెప్పడం ఏం న్యాయం?" ఇది సరైన ప్రశ్న. దీనికి జవాబు ధమ్మపద అట్ఠకథలో ఉంది.

ఒకసారి బుద్ధుడు ఆళవి అనే ఊరికి వచ్చాడు. ఆ ఊళ్ళో ఒక పేద రైతుకి ధమ్మం వినాలని ఉంది. కానీ ఆ రోజే అతని ఎద్దు తప్పిపోయింది. ఎద్దును వెతికి పట్టుకుని, పొద్దుపోయాక, ఆకలితోనే సభకి వచ్చాడు. బుద్ధుడు అప్పటిదాకా ధమ్మోపదేశం మొదలుపెట్టలేదు. ముందు ఆ రైతుకి అన్నం పెట్టించాడు. అతను తిని కుదుటపడ్డాకే మాట్లాడాడు. భిక్షువులు దాన్ని వింతగా చెప్పుకుంటే, ఆకలిని మించిన రోగం లేదన్న అర్థం వచ్చేలా జవాబు చెప్పాడు.

కాబట్టి క్రమం ఇది. ముందు అన్నం, తర్వాత ఉపదేశం. మన విహారానికి ఎవరైనా ఆకలితో వస్తే వాళ్ళకి ఈ కరపత్రం ఇవ్వకండి, భోజనం పెట్టండి. సిద్ధార్థుడు కూడా ఆరేళ్ళు ఒళ్ళు మాడ్చుకుని, అది దారి కాదని తెలుసుకుని, సుజాత ఇచ్చిన పాయసం తిన్నాకే బోధి చెట్టు కింద కూర్చున్నాడు. ఉపవాసాలతో శరీరాన్ని హింసించడం మన మార్గం కాదు. కుక్కుకుని తినడమూ కాదు. మధ్యమ మార్గం కంచం దగ్గర నుంచే మొదలవుతుంది.

అరగంట మన హక్కు

నిదానంగా తినాలంటే టైము కావాలి. ఆ టైము ఎవరి చేతిలో ఉంది? చాలాసార్లు మేస్త్రీ చేతిలో, యజమాని చేతిలో ఉంది. అందుకే ఇది ఒంటరిగా కూర్చుని చేసుకునే సాధన మాత్రమే కాదు, కలిసి అడగవలసిన హక్కు కూడా.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూశారు. వారానికి 54 గంటలున్న ఫ్యాక్టరీ పని 48 గంటలకి తగ్గించిన సవరణ ఆ కాలంలో వచ్చిందే. తర్వాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం, అయిదు గంటలకి మించి వరసగా పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 55వ సెక్షనులో రాసింది. 150 మందికి పైగా పనిచేసే చోట కూర్చుని తినడానికి గది ఉండాలని కూడా రాసింది. అంటే కూలివాడు కూడా కూర్చుని, నీడలో, తీరికగా తినాల్సిన మనిషే అని చట్టం ఒప్పుకుంది. కానీ పొలం గట్టు మీద తినేవాళ్ళకి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి ఆ సెక్షను అందలేదు. వాళ్ళ తరఫున మనం అడగాలి. పనిలోకి దిగేముందు మేస్త్రీతో కూలి ఎంతో మాట్లాడుకుంటాం కదా, అప్పుడే "మధ్యాహ్నం అరగంట, నీడ, తాగే నీళ్ళు" అని కూడా మాట్లాడుకోండి. నలుగురూ కలిసి అడిగితే కాదనడం కష్టం.

మన ఇంట్లో ఆఖరున తినేది ఎవరు?

హక్కు గురించి బయట మాట్లాడి ఇంట్లో మరిచిపోకూడదు. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అందరికీ వడ్డించి, మిగిలినది, వంటింట్లో నిలబడి, గిన్నెలోనే కలుపుకుని తినేస్తారు. గిన్నెలు కడగాలన్న తొందర. మనల్ని ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టినవాళ్ళని తప్పుపట్టాం. మరి మన ఇంటి ఆఖరి పంక్తిలో ఎవరున్నారు? అన్నం, కూర, నీళ్ళు అన్నీ మధ్యలో పెట్టుకుని అందరూ ఒకేసారి కూర్చుంటే ఎవరికి వాళ్ళు వడ్డించుకోవచ్చు. అమ్మ కూడా కూర్చునే తింటుంది. తొట్లకొండ భోజనశాలలో సంఘం చేసింది ఇదే కదా.

ఈ వారం సాధన

1. రోజుకి ఒక్క పూట ఎంచుకోండి. మూడు పూటలా ఒకేసారి మొదలుపెట్టకండి.
2. టీవీ ఆపండి, సెల్ పక్క గదిలో పెట్టండి.
3. తినేముందు మూడు శ్వాసలు గమనించండి. ఈ అన్నం వెనక ఉన్న చేతులను తలుచుకోండి: నాట్లు వేసినవాళ్ళు, కోసినవాళ్ళు, వండినవాళ్ళు.
4. చిన్న ముద్ద చెయ్యండి. మింగేదాకా తర్వాతి ముద్ద కలపకండి. ఆ కాసేపు చెయ్యి కంచం అంచు మీద ఆగనివ్వండి.
5. రెండోసారి వడ్డించుకునే ముందు కాసేపు ఆగి, కడుపుని అడగండి. ఇంకా ఆకలి ఉంటే మొహమాటం లేకుండా తినండి. సారిపుత్త థేరుడు కూడా ఇంకో నాలుగైదు ముద్దలకి చోటు ఉండగానే ఆపి నీళ్ళు తాగమని చెప్పాడు.
6. ఇరవై నిమిషాలు కుదరకపోతే పది నిమిషాలే చెయ్యండి. అదీ కుదరకపోతే మొదటి మూడు ముద్దలు ఎరుకతో తినండి. మూడు ముద్దలకి ఏ మేస్త్రీ అడ్డు చెప్పడు.

ఆదివారం చర్చకు ప్రశ్నలు

1. పసేనది రాజుకి సుదస్సనుడు చేసిన సాయం మీ ఇంట్లో ఎవరు చెయ్యగలరు?
2. కులం పెట్టిన భోజన నియమాలకీ, సంఘం పెట్టిన నియమాలకీ తేడా ఏమిటి? మీ సొంత మాటల్లో చెప్పండి.
3. మీరు పనిచేసే చోట భోజనానికి ఎంత టైము ఇస్తున్నారు? అది పెరగాలంటే ఎవరెవరు కలవాలి?
4. గత వారం మీ ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుని తిన్నది ఎన్నిసార్లు?

వచ్చే ఆదివారం కలిసినప్పుడు, సాధన కుదిరినవాళ్ళూ కుదరనివాళ్ళూ కూడా వచ్చి చెప్పండి. కుదరలేదంటే ఏ అడ్డంకి వల్ల కుదరలేదో తెలుస్తుంది. ఆ అడ్డంకి తీసేసే పని అందరం కలిసి చేద్దాం. ఆ రోజు చర్చ అయ్యాక విహారంలోనే అందరికీ భోజనం. ఒకే పంక్తి, తొందర లేదు.

జై భీమ్! నమో బుద్ధాయ!